భిన్నాల కూడిక: అడ్డగుణకారం ముందా, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) ముందా?

లంక మాస్టారు (అమలాపురం దగ్గర): నిన్న ఎనిమిదో తరగతిలో 1/3 + 1/4 ఇస్తే సగం మందికి పైగా 2/7 అని రాశారు. పైవి పైవి, కిందివి కిందివి కలిపేశారు. వీళ్ళలో చాలామందికి అడ్డగుణకారం (ఒక్కో పైఅంకెను రెండో దాని కిందిఅంకెతో గుణించి కలపడం, కిందివి రెండూ గుణించి హారంగా పెట్టడం) నోటికి వచ్చు, అందులో ఒక మెట్టు మరిచిపోతే ఇక పట్టుకోడానికేమీ ఉండదు. హారాలు ఎందుకు ఒకటి కావాలో చేత్తో చూసేదాకా ఆ పద్ధతి చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

చీపురు ఈనెలు తెప్పించాను. అడుగులో మూడో వంతు, అంటే 4 అంగుళాలకు ఒకటి తుంచాం. నాలుగో వంతు, 3 అంగుళాలకు ఇంకోటి. రెండూ కొసాకొసా ఆనించి స్కేలు పెడితే 7 అంగుళాలు, అడుగులో 7/12. వెనక బెంచీ పిల్ల లేచి, "ఆరులో రెండైతే మూడో వంతు కదండీ, ఏడులో రెండంటే ఇంకా తక్కువ. కలిపితే తగ్గిపోయిందేంటండీ?" అంది. నాకు ఒళ్ళు పులకరించింది.

రాజోలు ట్యూషన్: మాస్టారూ, పిల్ల మాట ముచ్చటగా ఉంది. కానీ హారాల్లో అక్షరాలు వచ్చాక ఏ ఈనె తుంచుతారండీ? అక్కడ అడ్డగుణకారమే దిక్కు. అది తప్పు పద్ధతీ కాదు, రెండు హారాల లబ్ధం కూడా ఉమ్మడి హారమే. పరీక్షలో క.సా.గు. కట్టలేక లెక్కే వదిలేసేవాళ్ళను రోజూ చూస్తున్నాను.

కౌలు రైతు (ముమ్మిడివరం): మా పాప 5/12 + 7/18 అడ్డంగా గుణించి 174/216 దగ్గర ఆగిపోయింది. కొట్టివేతలు రాక ఏడుపు. 12, 18ల క.సా.గు. 36 పట్టుకుంటే 15, 14 కలిపి 29/36, అయిపోయేది. నేను చదివింది ఏడో తరగతేనండి. ఎకరంలో పావు, ఇంకో చోట ఐదో వంతు కలిపి దున్నాలంటే మేం సెంట్లలో చెప్పుకుంటాం: 25, 20, మొత్తం 45 సెంట్లు. ఎకరానికి వంద సెంట్లు గనక రెండింటికీ ఒకటే కొలత. మా పాపకి ఇలాగే చెప్తే అర్థమైంది.

లంక మాస్టారు: బాబూ, మీరు చెప్పిన సెంట్లే ఉమ్మడి హారం! ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, నాకు తట్టలేదు. క.సా.గు.తో భిన్నాలు కలపడం 9వ శతాబ్దంలోనే జైన గణితవేత్త మహావీరాచార్యుడు చెప్పాడు. ఆయన గణిత గ్రంథాన్ని మన తెలుగు కవి పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు.

ట్యూషన్ గారూ, అక్షరాల హారాల సంగతి ఒప్పుకుంటున్నాను. నా గొడవంతా వరుస గురించే. 1/2 + 1/3 కలిపితే సగం కంటే ఎక్కువ రావాలని ముందే చెప్పగలిగిన పిల్లకు ఏ పద్ధతైనా ఇవ్వండి.

రాజోలు ట్యూషన్: అలా ముందే అంచనా అడగడం రేపటి నుంచి నేనూ మొదలెడతానండి. అడ్డగుణకారం మాత్రం మాననండి.