అనంతపురంలో ఓజోన్‌ను తగ్గించడం కార్పొరేషన్ వల్ల అయ్యే పనేనా?

గుత్తి రోడ్డు:
అనంతపురం, కర్నూలు, కడప మూడూ జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం లిస్టులో ఉన్నాయి. 2019లో మొదలైన ఈ స్కీములో లెక్కంతా పీఎం10 అనే, గాలిలో తేలే సన్నటి దుమ్ముదే. అందుకే ఊడ్చే మిషన్లు, నీళ్లు చల్లే ట్యాంకర్లు, డివైడర్లలో మొక్కలు. పైన ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోన్ కాదు, మనం పీల్చే గాలిలో చేరి హాని చేసే ఓజోన్ మాట ఎత్తేవాళ్లు లేరు. ఇంత ఎండ కాసే ఊరికి దాని ప్లాన్ కూడా ఉండాలంటాను.

పాతూరు అబ్బాయి:
ముందు దుమ్ము సంగతి చూడనీ అన్నా. పొద్దున కడిగిన స్కూటర్ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. కనపడే దుమ్మునే తుడవలేనోళ్లు కనపడని గ్యాసును ఏం పట్టుకుంటారు? పైగా 44వ నంబరు హైవే లారీలు బెంగళూరు, హైదరాబాద్ పోయేవి. వాటి పొగకు మనం ప్లాన్ వేయాలా?

కెమిస్ట్రీ సార్:
ఓజోన్ ఏ గొట్టంలోంచీ రాదు తమ్ముడూ. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, పెయింటు, థిన్నర్ ఆవిర్లు ఎండలో కలిసి ఉడికితే పుడుతుంది. ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టించిన ఎండే దీనికీ పొయ్యి. అందుకే మధ్యాహ్నం ఎక్కువ, వేసవిలో ఇంకా ఎక్కువ. మన ఎస్కే యూనివర్సిటీ ఫిజిక్స్ వాళ్లు దీన్ని కొలిచారు కూడా. మన దేశంలో పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు.

ఇందులో తిరకాసు ఒకటుంది. సప్తగిరి సర్కిల్లో మీటరు పెడితే ఓజోన్ తక్కువే కనపడొచ్చు. సైలెన్సర్లోంచి అప్పుడే వచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని అక్కడికక్కడే తినేస్తుంది. గాలి ఎటు వీస్తే అటు, ఊరు దాటిన పల్లెల్లో లెక్క పెరుగుతుంది.

శనక్కాయ రైతు:
మాది బుక్కరాయసముద్రం పక్కన. టౌను పొగకు మా పంట పోతుందంటారా సార్? ఆకు మీద మచ్చ పడితే మేం మందు కొట్టేస్తాం. అది గాలి వల్ల వచ్చిందని ఎట్లా తెలిసేది?

కెమిస్ట్రీ సార్:
చూడకుండా చెప్పలేనండీ, మీది తిక్క ఆకుమచ్చ తెగులే కావచ్చు. ఓజోన్ ఆకు రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది, మచ్చ పడకుండానే దిగుబడి తగ్గించగలదు. ఖరీఫ్‌లో మబ్బుల వల్ల అంత భయం లేదు. బోరు కింద వేసవి పంట వేసేవాళ్లు ఆలోచించాలి.

పాతూరు అబ్బాయి:
2020 లాక్‌డౌన్‌లో బండ్లు ఆగినా కొన్ని సిటీల్లో ఓజోన్ పెరిగిందట కదా. మరి బండ్లు తగ్గించి ఏం లాభం?

కెమిస్ట్రీ సార్:
మంచి ప్రశ్న. ఓజోన్‌ను తినేసే నైట్రిక్ ఆక్సైడ్ కూడా బండ్లతో పాటే తగ్గింది కదా. అలాంటి చోట్ల పొగ ఒక్కటే తగ్గిస్తే చాలదు, ఆవిర్లూ తగ్గాలి. ఆవిర్లు అలాగే ఉంటే, నైట్రోజన్ ఆక్సైడ్లు బాగా తగ్గాకే ఓజోన్ దిగుతుంది. అందుకే దుమ్ము ప్లానే దీనికీ సరిపోతుందనుకోకూడదు. చెత్త తగలబెట్టకుండా చూడటం, రోడ్డు మీద పెయింటు పని ఏప్రిల్ మధ్యాహ్నం పెట్టకపోవడం కార్పొరేషన్ చేతిలోనే ఉన్నాయి. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు మాత్రం దాని పరిధి కాదు. మూడు జిల్లాల కలెక్టర్లు, కాలుష్య నియంత్రణ మండలి ఒక టేబుల్ దగ్గర కూర్చోవాల్సిందే. గాలికి జిల్లా సరిహద్దు తెలీదు కదా.

గుత్తి రోడ్డు:
నేను చెప్పేదీ అదే. మా రోడ్డులో దుమ్ము అణచడానికి వచ్చే ట్యాంకర్ మొన్న సరిగ్గా రెండు గంటలకు, మాడే ఎండలో, నల్లటి డీజిల్ పొగ వదులుతూ పోయింది. చల్లిన నీళ్లు అది మలుపు తిరిగేలోపే ఆరిపోయాయి.

పాతూరు అబ్బాయి:
సరే, ఆ ట్యాంకర్‌ను పొద్దున ఆరుకు తిప్పమని అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతా. లారీల సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.