కిత్తనార ముల్లు కొన కత్తిరించవచ్చా?

మట్టిచేతులు:
ఆకుల అంచు పసుపుగా ఉండే కిత్తనార, అదే అగేవ్, 6 ఏళ్లుగా కుండీలో ఉంది. ఆకు కొసన ముల్లు దబ్బనంలా తయారైంది. గోళ్ల కత్తెరతో కొనలు తీసేస్తే మొక్కకు దెబ్బా?

ఎండపొద్దు:
దెబ్బే. కోసిన ఆకు మళ్లీ పెరగదు, గోధుమరంగు మచ్చ అలాగే ఉండిపోతుంది. ఆకులు విచ్చుకునేటప్పుడు ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? ఒక ఆకు వీపు మీద పక్క ఆకు ముళ్ల అచ్చు వరసగా పడి ఉంటుంది. అలాంటిదాన్ని మొండి చేస్తారా? అసలు కుండీలో ఉంచడమే తప్పు. ఎండ తగిలే గట్టున నేలలో వేయండి, 6 అడుగుల వెడల్పున విప్పుకుంటుంది.

రాతిగట్టు:
నీళ్లు తగ్గించండి. పళ్లెంలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

మట్టిచేతులు:
నేనడిగింది నీళ్ల గురించి కాదండీ.

వేరుపిలక:
ఎండపొద్దు గారూ, ఆకు వేరు, ముల్లు వేరు. కొసన నల్లగా గట్టిపడింది ఎండిన భాగమే. అందులో అర సెంటీమీటరు తీస్తే ఆకుకేమీ కాదు. పచ్చభాగం కోస్తేనే మచ్చ. ఇక నేలలో వేస్తే చుట్టూ పిలకలు లేస్తాయి, అవి ఎవరు తవ్వాలి? 3 పిలకలు తీసేసరికి రసం తగిలి నా చేతులు దద్దుర్లెక్కాయి. ఆ రసంలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి.

ఎండపొద్దు:
గ్లవ్స్ వేసుకోకపోతే మొక్కదా తప్పు?

వేరుపిలక:
మీకెప్పుడూ మొక్కదే ఒప్పు! కలుపు తీయడానికి వంగిన మా అమ్మకు కనురెప్ప చీరుకుపోయింది. వేలెడు పక్కన కన్ను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ ముల్లుకూ కొన లేదు.

ఎండపొద్దు:
అమ్మగారి సంగతి తెలియక అన్నాను, క్షమించండి. మా నాన్న నాటిన కిత్తనార 20 ఏళ్లు పెరిగింది. ఇది పూసేది ఒక్కసారే, పూశాక చచ్చిపోతుంది. ఆ పూకాడ కోసమే ఎదురుచూశాం. నేను ఇంట్లో లేనప్పుడు, గుచ్చుకుంటోందని మావాళ్లు ఆకులన్నీ సగానికి నరికేశారు. కాడ రాకుండానే మొదలు కుళ్లిపోయింది.

వేరుపిలక:
అయ్యో. కానీ నేనన్నది అర సెంటీమీటరేనండీ, సగం ఆకు కాదు.

ఎండపొద్దు:
మావాళ్లు కూడా ముందు కొనలే అన్నారు. జరగాల్సింది మనం, మొక్క కాదు. నడిచే దారికి 4 అడుగుల దూరంలో పెట్టుకోండి.

మట్టిచేతులు:
నా బాల్కనీ వెడల్పే 4 అడుగులండీ. నల్లటి కొన వరకే తీశాను, 14 ఆకులకు. పచ్చభాగం ముట్టుకోలేదు.