రిటైరైన పోలీసుల్ని మళ్లీ తీసుకుంటే తప్పేంటి?

బెజవాడ శీను
అమెరికాలో చాలా ఊళ్లలో పోలీసులు చాలక రిటైరైన వాళ్లనే మళ్లీ డ్యూటీకి పిలుస్తున్నారు, కొన్నిచోట్ల పెన్షనూ జీతమూ రెండూ ఇచ్చి మరీ. మన దగ్గర ఎందుకు చేయకూడదు? మొన్న రాత్రి మా వీధిలో గొడవ జరుగుతోందని స్టేషన్‌కి ఫోన్ చేస్తే, "అందరూ బందోబస్తుకి వెళ్లారండీ, సెంట్రీ, నేనే ఉన్నాం" అన్నాడు పాపం ఆ కానిస్టేబుల్. పక్కనే రాజధాని, ఎప్పుడు చూసినా ఏదో ఒక కాన్వాయ్, దసరా వస్తే పది రోజులు సగం సిటీ స్టాఫ్ దుర్గగుడి క్యూలైన్ల దగ్గరే, 2028లో కృష్ణా పుష్కరాలు కూడా ఉన్నాయి. ఇంకోపక్క పని తెలిసిన రిటైర్డ్ ఎస్సైలు, హెడ్ కానిస్టేబుళ్లు బోలెడుమంది ఇంట్లో ఖాళీగా ఉన్నారు. కాంట్రాక్టు మీద పెట్టుకుంటే ఎవరికి నష్టం?

గ్రౌండ్ బ్యాచ్, గుంటూరు
మాకు నష్టం అన్నా. 6,100 కానిస్టేబుల్ పోస్టులకి నోటిఫికేషన్ 2022 నవంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరిలో అయిపోయింది. దేహదారుఢ్య పరీక్షలు మాత్రం 2024 డిసెంబరు ఆఖరుకి గానీ మొదలుకాలేదు, మెయిన్స్ 2025 జూన్‌లో పెట్టారు. మధ్యలో దాదాపు రెండేళ్లు మేం ఏం చేశాం అనుకుంటున్నారు? 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలని తెల్లారగట్ల గ్రౌండ్‌లో పరిగెత్తుతూనే ఉన్నాం, ఆ టైమింగ్ పోకూడదని జ్వరం వచ్చినా మానలేదు, హాస్టల్ డబ్బులు అడగాలంటే ఇంటికి ఫోన్ చేయబుద్ధి అయ్యేది కాదు. కాబట్టి మనుషులు లేరు అనొద్దు. మనుషులున్నారు, తీసుకోలేదు. రిటైర్మెంట్ వయసు 2014లో 58 నుంచి 60 చేశారు, 2022లో 62 చేశారు, ఇప్పుడు ఆ 62 దాటినవాళ్లని కూడా పిలుద్దాం అంటే మేం ఎప్పుడు రావాలి?

అరండల్‌పేట వకీలు
ఇద్దరూ స్టేషన్ గురించే ఆలోచిస్తున్నారు. రిటైరైన మనిషి ఎంత అనుభవజ్ఞుడైనా చట్టం దృష్టిలో మామూలు పౌరుడే. ఎఫ్ఐఆర్ కట్టలేడు, దర్యాప్తు చేయలేడు, పోలీసు హోదాలో అరెస్టు చేయలేడు. కాంట్రాక్టు కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన ఆ అధికారం రాదు. కాబట్టి శీనుగారి వీధిలో గొడవకి అతను వచ్చినా నిలబడి చూడటమే.

కానీ ఒక్కచోట మాత్రం నిజంగా పనికొస్తారు, మాల్‌ఖానా, అంటే కేసుల్లో పట్టుకున్న వస్తువులు దాచే గది. ఎప్పుడైనా చూశారా? మూటలు మూటలు, లక్క సీళ్లు ఊడిపోయి, చీటీల మీద క్రైమ్ నంబరు చెమ్మకి సగం చెరిగిపోయి ఉంటుంది. ట్రయల్ రోజున ప్రాపర్టీ తెమ్మంటే కోర్టు కానిస్టేబుల్ ముఖం చూడాలి. ఏ మూట ఏ కేసుదో చెప్పగలిగేది ఆనాడు స్టేషన్‌లో రికార్డులు రాసిన రైటర్ ఒక్కడే, ఆయనేమో రిటైరై ఎక్కడో మనవళ్ల దగ్గర ఉంటాడు. పైగా పాత సీఆర్‌పీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 336వ సెక్షన్ ఒకటుంది. రిపోర్టు రాసిన అధికారి రిటైరైనా, బదిలీ అయినా, ఆయన సీట్లో ఉన్నవాడు వచ్చి ఆ కాగితం మీద సాక్ష్యం చెప్పొచ్చు. చెప్పొచ్చు సరే, పంచనామా (సాక్షుల ముందు రాసే రిపోర్టు) జరిగిన చోటు ఎన్నడూ చూడని కుర్ర ఎస్సై బోనెక్కితే మా పని ఎంత సులువో అడగండి. నేను డిఫెన్స్ లాయర్ని, నాకది లాభమే అనుకోండి.

ఖాకీ బాబాయ్
నేను ఏఎస్సైగా రిటైరయ్యాను. అమెరికా లెక్క మనకి కుదరదు శీనూ. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు చెప్పాడు, అక్కడ ఇరవై పాతికేళ్ల సర్వీసుకే పెన్షన్ తీసుకుని బయటికొస్తారట, అంటే యాభై కూడా నిండవు, మళ్లీ పిలిస్తే ఉరుకుతారు. మనం 62కి వచ్చేసరికి మోకాళ్లు పోయి, షుగరూ బీపీ వచ్చి, నైట్ బీట్ అంటేనే దండం పెట్టే స్థితి. 2019లో వీక్లీ ఆఫ్ అన్నారు, సంబరపడ్డాం, నా స్టేషన్‌లో అది కొన్నాళ్లకే కాగితం మీద మిగిలింది. అలా అరిగిపోయిన మనిషిని తెచ్చి ఏం చేస్తారు?

అసలు భయం వేరే. పిలిచేది ఎవరిని? రికార్డు బాగున్నవాడినా, నాయకుల ఇంటి గుమ్మం వదలనివాడినా? సర్వీసులో ఉండగా సెటిల్‌మెంట్లు చేసినవాడు మళ్లీ స్టేషన్‌లో కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఈసారి సస్పెన్షన్ భయం కూడా లేదు. తీసేస్తే పోయేది కాంట్రాక్టే, పెన్షన్ ఎటూ వస్తుంది.

బెజవాడ శీను
బాబాయ్, వకీలు గారూ, ఒప్పుకుంటా, మరి మధ్యలో ఏం చేద్దాం? సెలెక్టయినవాళ్లకి ట్రైనింగే తొమ్మిది నెలలు. ఆ తర్వాత కూడా పని తెలియడానికి రెండేళ్లు పడుతుంది. అంతవరకు మా వీధి సంగతి?

మంగళగిరి లక్ష్మి
మా ఆయన కానిస్టేబుల్. శీను అన్నయ్యా, ముందు ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారో లెక్క తీయించండి. ఎంతమంది గన్‌మెన్లు, ఎంతమంది ఆఫీసర్ల ఇళ్లల్లో పనికి, ఎంతమంది ఎవరో రిబ్బన్ కట్ చేస్తుంటే ఎండలో తాడు పట్టుకుని? వాళ్లలో సగం మందిని వెనక్కి పంపినా మీ వీధికి బండి వస్తుంది. అదేం అడగరు, రిటైరైన తాతయ్యల్ని పిలుద్దాం అంటారు. హోంగార్డులు కూడా ఉన్నారు, అదే ఎండలో అదే ట్రాఫిక్ డ్యూటీ, వాళ్లకి రోజుకూలీ లెక్కన ఇస్తారు. డబ్బులుంటే ముందు వాళ్లకి పెంచండి. నిన్న పాప పుట్టినరోజుకి కేకు కోసేటప్పుడు ఆయన వీడియో కాల్‌లో ఉన్నారు, వెనకాల బారికేడ్లు.

అరండల్‌పేట వకీలు
లక్ష్మిగారు చెప్పినదానికి తోడు ఒకటి. పోలీసు సంస్కరణల మీద వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది, దర్యాప్తు చేసేవాళ్లని బందోబస్తు చేసేవాళ్లని విడదీయమని. మన దగ్గర ఇప్పటికీ మర్డర్ కేసు దర్యాప్తు అధికారి చేతిలో ఛార్జిషీటు సగంలో ఉండగానే క్యూలైన్ దగ్గరికి పరిగెత్తాలి. నా మాట ఏంటంటే రిటైర్డ్ వాళ్లని మాల్‌ఖానా సర్దడానికి, పాత కేసుల ఫైళ్లకి, కొత్త ఎస్సైలకి పంచనామా రాయడం నేర్పడానికి పెట్టుకోండి. యూనిఫాం వద్దు, స్టేషన్‌లో కుర్చీ వద్దు, నియామకం జిల్లా పోలీసు ఆఫీసు నుంచే జరగాలి.

ఖాకీ బాబాయ్
మాల్‌ఖానాకైతే నేనూ వస్తా. పగలు మాత్రమే.

గ్రౌండ్ బ్యాచ్, గుంటూరు
ఆరు నెలలు అని జీవోలో రాయమనండి, పొడిగింపు లేదని కూడా రాయమనండి, నాకేం అభ్యంతరం లేదు.

అరండల్‌పేట వకీలు
తమ్ముడూ, నా ప్రాక్టీసులో ఎన్నో జీవోలు చదివాను గానీ, పొడిగింపు లేకుండా ముగిసిన తాత్కాలిక నియామకం ఒక్కటి కూడా నా కంటపడలేదు.