7 అంగుళాల రికార్డుల్లో సైడ్ చివర శబ్దం చిరిగిపోతోంది: ప్రెస్సింగా, ముల్లా, రికార్డింగే అంతా?

నిజాంపేట_నాయిస్:
అందరికీ నమస్తే. పాత గ్రైండ్‌కోర్, పవర్‌వయొలెన్స్ (రెండూ అతివేగమైన, చిన్న పాటల పంక్, మెటల్ శైలులు) 7 అంగుళాల రికార్డులు ఒక పెట్టెడు వచ్చాయి. ఎక్కువ 90ల నాటి అమెరికా ప్రెస్సింగులు, స్లాప్ ఎ హామ్ లేబుల్‌వి కొన్ని, స్ప్లిట్లు (రెండు బ్యాండ్లు పంచుకున్న రికార్డులు) కొన్ని, జపాన్ డి-బీట్ (ఒక పంక్ శైలి) నాలుగు. టర్న్‌టేబుల్ ఆడియో-టెక్నికా ఎల్‌పీ120ఎక్స్, దాంతో వచ్చిన వీఎం95ఈ కార్ట్రిడ్జే (ముల్లు ఉండే భాగం) ఉంది, ముల్లు రికార్డు మీద మోపే బరువు 2 గ్రాములు. సైడ్‌లో మొదటి పాట బాగుంటుంది. చివరి పాటకొచ్చేసరికి సింబల్స్ బుస్సుమంటున్నాయి, గొంతులో "స" అక్షరం ఉమ్మినట్టు వస్తోంది. పైగా కొన్నింటి మీద వేగం 33ఓ 45ఓ (నిమిషానికి చుట్లు) రాయలేదు. తప్పు ఎక్కడుందో ఎలా తేల్చాలి?

గాడి33:
మొదటి పాట బాగుండి చివరిది పాడవుతోందంటే ముందు అనుమానించాల్సింది లోపలి గాడినే. లెక్క చూడండి. 33 వేగంలో 12 అంగుళాల ఎల్పీ అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు 51 సెం.మీ. చొప్పున జరుగుతుంది. అదే వేగంలో 7 అంగుళాల రికార్డు అంచు దగ్గరే అది 29, లోపలి చివర 19. అంటే 33లో కోసిన 7 అంగుళాల రికార్డు, ఎల్పీ దాదాపు ముప్పావు సైడ్ అయిపోయిన చోట మొదలవుతోందన్నమాట. 45లో కోస్తే అంచున 40, చివర 25. గ్రైండ్ బ్యాండ్లు ఒక్కో సైడ్‌లో ఏడెనిమిది పాటలు కుక్కాలని 33కి వెళ్తాయి, దానికి ఇదే మూల్యం.

19 సెం.మీ. వేగంలో 10 కిలోహెర్ట్జ్ సింబల్ శబ్దపు ఒక్కో అల పొడవు సుమారు 0.019 మి.మీ. మీ వీఎం95ఈ ఎలిప్టికల్ (కోలగా చెక్కిన) ముల్లు పక్క వంపు వ్యాసార్థం 0.0076 మి.మీ. గట్టిగా కోసిన అలల్లోకి అది పూర్తిగా దిగలేదు, పై నుంచి గీసుకుంటూ పోతుంది. మీరు వింటున్న బుస్సు అదే. బ్లాస్ట్ బీట్‌లో (డ్రమ్స్‌ను ఆగకుండా అతివేగంగా వాయించే పద్ధతి) సింబల్‌కు ఊపిరి తీసుకునే సందు ఉండదు కాబట్టి ఈ సంగీతంలో మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కొత్త ముల్లు కొనే ముందు కార్ట్రిడ్జ్ అమరిక చూడండి. సాధారణంగా వాడే బేర్వాల్డ్ అమరికలో ముల్లు గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండేది కేంద్రం నుంచి 66, 120.9 మి.మీ. దగ్గర. 7 అంగుళాల గాళ్లన్నీ దాదాపు 84 నుంచి 54 మి.మీ. మధ్యలోనే ఉంటాయి, కాబట్టి ఆ రెండో బిందువు మీకు పనికిరాదు. స్టీవెన్‌సన్ అమరిక బిందువులు 60.3, 117.4. ఎక్కువగా 7 అంగుళాలే వినేవాళ్లకు ఇదే మేలు. ఎల్పీల్లో మధ్య పాటలు కాస్త నష్టపోతాయి, అది తెలిసే చేయాలి. అమరిక చూసుకునే ప్రొట్రాక్టర్ కాగితాన్ని 100 శాతం సైజులో ప్రింట్ తీసి, స్కేలుతో ఒకసారి కొలవండి. ప్రింటర్ 97 శాతానికి కుదించిందంటే అమరికంతా వృథా.

యాంటీ-స్కేట్ (ఆర్మ్ లోపలికి జారకుండా ఆపే సెట్టింగు) సున్నాలో ఉందేమో కూడా చూడండి. అది లేకపోతే ముల్లును మోసే ఆర్మ్ లోపలికి లాగి, గాడి బయటి గోడ మీద పట్టు తగ్గుతుంది. కుడి చానెల్ ఆ గోడ మీదే ఉంటుంది. హెడ్‌ఫోన్లో కుడివైపు ముందు చిరుగుతుంటే కారణం ఇదే.

స్టోక్‌డ్రమ్:
పైన చెప్పిందంతా సరే, కానీ పరీక్షకు ఏ రికార్డు పెడుతున్నారన్నది ముఖ్యం. జపాన్ కోచి నగరపు డిస్‌క్లోజ్ బ్యాండ్ రికార్డుతో ముల్లును పరీక్షించకండి. ఆ గిటార్ బుస్సు కావాలని చేసిందే, మొదటి సెకను నుంచే ఉంటుంది. నేపామ్ డెత్ బ్యాండ్ ఆల్బమ్ 'స్కమ్' (1987) కూడా వద్దు. మొదటి సైడ్ 1986 ఆగస్టులో, రెండోది 1987 మేలో రికార్డు చేశారు, రెండింట్లోనూ ఉన్నది డ్రమ్మర్ మిక్ హారిస్ ఒక్కడే. రెండు సైడ్ల శబ్దం వేరుగా ఉండటం మీ టర్న్‌టేబుల్ తప్పు కాదు. టెర్రరైజర్ 'వరల్డ్ డౌన్‌ఫాల్' (1989) లాంటిది పెట్టండి. ఫ్లోరిడాలోని మొరిసౌండ్ స్టూడియోలో చేసిన రికార్డింగ్, బాస్ డ్రమ్ దెబ్బలు విడివిడిగా వినపడతాయి. అందులో సైడ్ మొదటి పాటనూ చివరి పాటనూ పోల్చండి.

వేగం సంగతి. 45కీ 33కీ నిష్పత్తి 1.35, స్వరం అయిదు అర్ధస్వరాలకు కాస్త ఎక్కువే మారుతుంది. అదే పాట డిజిటల్ కాపీ దొరికితే నిడివి పోల్చండి, 40 సెకన్ల పాట 54 సెకన్లు వస్తే మీరు 45 రికార్డును 33లో తిప్పుతున్నట్టు. కాపీ లేకపోతే మాటలు పట్టుకోండి. స్పాజ్ లాంటి బ్యాండ్లు పాటకు ముందు సినిమా డైలాగు ముక్కలు పెడతాయి, మనిషి మాట వేగం ఇట్టే తెలుస్తుంది. పవర్‌వయొలెన్స్‌లో చెవి మోసపోయేది నెమ్మది భాగాల దగ్గర. మ్యాన్ ఈజ్ ది బాస్టర్డ్‌లో గిటారే లేదు, ఉన్నవి బాస్‌లే, గొంతు కూడా లోతు. తప్పు వేగంలో పెట్టినా నిజమే అనిపిస్తుంది. అక్కడ వేగమైన భాగం వచ్చేదాకా ఆగి, స్నేర్ డ్రమ్ మోత వినండి. నెమ్మదించిన స్నేర్ అట్టపెట్టెను కొట్టినట్టు ఉంటుంది.

సాగే గిటార్ ఫీడ్‌బ్యాక్ కూత స్వరం ఊగుతోందా? 33లో 1.8 సెకన్లకోసారి, 45లో 1.33 సెకన్లకోసారి ఊగితే మధ్య రంధ్రం పక్కకు పడింది. తిరుగుతుండగా ఆర్మ్ అటూ ఇటూ కదలడం కంటికే కనిపిస్తుంది. అది ప్రెస్సింగ్ లోపం, సెట్టింగులతో పోదు.

సాగరతీరం_విశాఖ:
అమరిక ముట్టుకునే ముందు కడగండి అండి. మురికి గాడిలో ఏ లెక్కా నిలవదు. బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు గాడిలో మిగిలిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ 850 మి.లీ., ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 150 మి.లీ., వాసన లేని డిష్‌వాష్ లిక్విడ్ రెండు చుక్కలు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంట తిప్పండి, అడ్డంగా కాదు. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడగండి, లేకపోతే సబ్బు పొర ముల్లుకు అంటుకుంటుంది. లేబుల్ తడవకూడదు, 7 అంగుళాల మీద లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య జాగా చాలా తక్కువ.

ఇంకో మాట. ఆ కాలపు కవర్లు చాలావరకు జిరాక్స్ కాగితాలే. వాటిని మెత్తటి పీవీసీ కవర్లో పెడితే మన ఎండలకు జిరాక్స్ ఇంకు ప్లాస్టిక్‌కు అంటుకుని ఊడి వస్తుంది, రికార్డు మీద పొగమంచు లాంటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ కడిగినా పోదు. పీవీసీ తీసేసి పాలీప్రొపిలీన్ కవర్లు వేయండి, నిలబెట్టి సర్దండి. సముద్రం పక్క ఊళ్లలో పాత కాగితం లోపలి కవర్లకు బూజు పడుతుంది, వాటినీ మార్చాలి.

నిజాంపేట_నాయిస్:
ధన్యవాదాలు అండి. ముందు కడుగుతాను, తర్వాత స్టీవెన్‌సన్. అప్పటికీ మిగిలితే ముల్లు మార్చాలా, కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలా?

గాడి33:
ముల్లు చాలు. వీఎం95 వరుసలో బాడీ అదే, వీఎం95ఎంఎల్ ముల్లు నేరుగా దూరుతుంది, బరువు 2 గ్రాములే. దాని మైక్రోలీనియర్ (ఎంఎల్) కొన పక్క వంపు 0.003 మి.మీ., కాబట్టి లోపలి అలల్లోకి దిగుతుంది. పాత ముల్లు అరగదీయని గాడి లోతును కూడా తాకుతుంది, సెకండ్‌హ్యాండ్ రికార్డులకు ఇది పెద్ద లాభం. అమరిక తప్పితే మాత్రం ఎలిప్టికల్ కంటే ఎక్కువ బాధపెడుతుంది. అది పెట్టాక కూడా అదే రికార్డు, అదే చోట, రెండు చానెళ్లలోనూ చిరిగితే గాడి అరిగిపోయినట్టే. దానికి మరో కాపీ వెతుక్కోవాలి.