కోచ్‌ని సీజన్ మధ్యలో పీకేయడం ఏంటండీ?

కోనసీమ కొబ్బరి:
మావాడు టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. వాడి పుణ్యమా అని ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసుతో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ముందు కూర్చుంటున్నాను. ఆట సగమే అర్థమవుతుంది గానీ, ఈ కోచ్‌ల సంగతే మింగుడుపడట్లేదు. 2023 నవంబరులో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు సీజన్ మధ్యలోనే కోచ్ జింబో ఫిషర్‌ని తీసేశారు. మిగిలిన కాంట్రాక్టుకి 7.5 కోట్ల డాలర్ల పైమాటే ఇవ్వాలట! పని మాన్పించడానికి అంత డబ్బా? తొందరపాటు కాదంటారా?

భీమవరం చెరువుగట్టు:
ఆయ్, మాకిది కొత్తేం కాదండి. పోయినేడు మా రొయ్యల చెరువులో చెక్ ట్రేలో (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెంలో) మేత మిగిలిపోతోందని, పంట నలభయ్యో రోజున చెరువు చూసుకునే టెక్నీషియన్ని మార్చేశాను. కొత్తాయన రాగానే మేత, మందులు అన్నీ మార్చాడు. వారం తిరక్కుండా రొయ్య నీటిపైకి తేలింది. వంద కౌంటుకే, అంటే కిలోకి వంద తూగే చిన్న సైజులోనే, పట్టేశాం. పాతాయనకి మాత్రం మాటిచ్చినట్టు పంట ఆఖరుదాకా జీతం ఇచ్చాను.

పాలకొల్లు మేష్టారు:
ఫ్రాంక్ బీమర్ 1987 సీజన్ నుంచి వర్జీనియా టెక్ కాలేజీకి ఫుట్‌బాల్ కోచ్. 1992లో గెలిచినవి రెండే, ఓడినవి ఎనిమిది, ఒకటి డ్రా. అయినా ఉంచారు. మరుసటేడు నుంచి ఆయన కోచ్‌గా ఉన్న 23 సీజన్లూ వరసగా బౌల్ (సీజన్ చివర బాగా ఆడిన జట్లకి పెట్టే మ్యాచ్) ఆడింది ఆ జట్టు. ఇప్పుడైతే ఆగరు. డిసెంబరులోనే హైస్కూలు పిల్లలు కాలేజీ జట్లలో చేరడానికి సంతకాలు పెట్టేస్తారు, ఆ వెంటనే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఉన్న ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరిచ్చే జాబితా) తెరుస్తారు. అప్పటికి కొత్త కోచ్ లేకపోతే పిల్లలు వేరే కాలేజీకి జారుకుంటారు. అందుకే ఆ హడావుడి.

కోనసీమ కొబ్బరి:
అదా సంగతి. అయినా 7.5 కోట్లు నాకు జీర్ణం కాదు లెండి. చెరువుగట్టు గారూ, ఆ పాత టెక్నీషియన్ ఇప్పుడు ఖాళీయేనా? మా బావమరిది అడుగుతున్నాడు.