కెమెరా కనపడితే తప్పుకునే అమ్మకు మంచి పోర్ట్రెయిట్ తీయించడం ఎలా? మీ అనుభవాలు చెప్పండి

బ్రాడీపేట_అమ్మాయి
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మాఘమాసంలో నాన్నగారి షష్టిపూర్తి. మా ఇంట్లో ఏ ఆల్బమ్ తీసినా అమ్మ ఉండదు, ఉన్నా ఎవరి భుజం వెనకో సగం ముఖం. "నా మొహానికి ఫోటో ఒకటా" అంటుంది. ముందు పళ్ల మధ్య సందు, కళ్లద్దాలు, నలుపు రంగు. చిన్నప్పటి నుంచి ఈ మూడింటి గురించే నలుగురూ అంటుంటే విని విని నమ్మేసింది. ఆవిడ ఒక్కదానికే ఒక మంచి పోర్ట్రెయిట్ తీయించాలని ఉంది. స్టేజీ మీద తీసేవి కాదు. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా తీయించారా? ఏం చేస్తే ఆ ఫోటో చూసుకుని బాగున్నాను అనుకుంటుంది? విజయవాడ అయినా వస్తాం.

గవర్నర్‌పేట_లెన్స్
మేడమ్, పోర్ట్రెయిట్లు తీయడమే నా పని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది మొదట అనేది "నేను ఫోటోల్లో బాగా పడను బాబూ" అనే. దానికి పెద్ద కారణం ఫోన్. ఫోన్ మెయిన్ కెమెరా 24, 26 ఎంఎం వైడ్ లెన్స్. మూరెడు దూరం నుంచి తీస్తే కెమెరాకు దగ్గరున్న ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఆ ఫోటోలు చూసి తన ముక్కే అంత అనుకుంటుంది మనిషి. మేం ఆరేడు అడుగుల అవతల నుంచి 85 ఎంఎం లెన్స్‌తో తీస్తాం. ఎదురు కుర్చీలో కూర్చుని మాట్లాడేవాళ్లకు కనిపించే ముఖమే వస్తుంది. ఫోన్‌తో తీసినా వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లోనో 3ఎక్స్ జూమ్‌లోనో తీయండి.

తర్వాత వెలుతురు. ఫంక్షన్ హాల్లో నడినెత్తిన లైట్లుంటాయి. పైనుంచి పడే వెలుతురుకు ఎవరికైనా కళ్ల కింద గుంటలు వస్తాయి. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట కూర్చోబెట్టి, ముఖం కాస్త కిటికీ వైపు తిప్పించండి. రెండో వైపు నీడ ముదిరితే తెల్ల థర్మోకోల్ షీట్ పట్టుకోండి, ఆ చెంప తేటపడుతుంది. ట్యూబ్‌లైట్లు ఆపేయండి. గోడలకు ఆకుపచ్చో, ముదురు గులాబీయో రంగు వేసుంటే దూరంగా జరగండి, ఆ రంగు ఒంటి మీద పడుతుంది. కంట్లో కిటికీ చిన్న మెరుపుగా కనపడుతోందో లేదో చూడండి. అది లేకపోతే చూపు నీరసంగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం మాటలు. కెమెరా తీయకుండా కాసేపు కూర్చుంటాను. "నవ్వండి" అని ఎప్పుడూ అనను, అంటే పెదాలు సాగుతాయి గానీ కళ్లు నవ్వవు. పెళ్లైన కొత్తలో ఏ హాల్లో ఏ సినిమా చూశారో అడుగుతాను. బెజవాడ వాళ్లకు దీనికి జవాబు లేకుండా ఉండదు. ఒక పెద్దావిడ, ఇంటర్వెల్లో ఆయన సోడా తెస్తూ కొత్త చీర మీద ఒలకబోసిన సంగతి చెబుతూ, అన్నేళ్ల తర్వాత కూడా కొంగు దులుపుకుంది. అప్పుడు తీసిన ఫోటోయే ఇప్పుడు వాళ్ల హాల్లో ఉంది.

కృష్ణలంక_కుర్రాడు
అక్కా, బెజవాడ తీసుకురండి. చలికాలం సాయంత్రం బ్యారేజీ ఎగువన నీళ్ల మీద సూర్యుడు దిగుతుంటే ఆ లైట్‌లో ఎవరైనా బంగారంలా ఉంటారు. భవానీ ద్వీపం కూడా బాగుంటుంది.

అరండల్‌పేట_అక్క
తమ్ముడూ, లైట్ సంగతి నిజమే గానీ ఈవిడకు ఘాట్లూ ద్వీపాలూ వద్దు. కెమెరా అంటేనే బిడియపడే మనిషిని పదిమంది ఆగి చూసే చోట నిలబెడితే ఇంకా ముడుచుకుపోతుంది. మా అత్తగారికి అదే అయింది, గంటసేపూ కొంగు సర్దుకుంటూనే ఉన్నారు. ఆవిడకే మళ్లీ ఇంట్లో, రోజూ కూర్చుని కూరగాయలు తరుక్కునే చాప మీద తీస్తే ఎంత బాగా వచ్చాయో. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియని బాధ లేదు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

మంగళగిరి_చేనేత
నలుపు రంగు అన్నారు కాబట్టి నా సంగతి చెబుతాను. పెళ్లిచూపులకు ఫోటో కావాలని ఒక స్టూడియోకి వెళ్లాం. ముఖాన్ని తెల్లగా చేసి ఇచ్చారు. చెయ్యి మాత్రం మరిచిపోయారు. గడ్డం కింద ఆనించిన చెయ్యి ఒక రంగు, ముఖం ఒక రంగు. ఇంట్లో అందరూ "ఎంత బాగా వచ్చిందో" అన్నారు. నేను మాత్రం ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయాను, ఫోటోలో నాదంటూ మిగిలింది అదొక్కటే.

పెళ్లయ్యాక ఒక లేడీ ఫోటోగ్రాఫర్ మా ఇంటికొచ్చి తీశారు. ఆవిడ మొదట అడిగింది "మీ ముఖంలో మీకు నచ్చేదేంటి?" అని. ఆ మాట నన్నెవరూ అడగలేదు. చాలాసేపటికి "నాయనమ్మ కనుబొమలు" అన్నాను. నీలం మంగళగిరి చీర కట్టుకోమన్నారు. రంగు ఒక్క పిసరు కూడా మార్చలేదు. చెంప ఎముక మీద కిటికీ వెలుతురు నిగనిగలాడుతోంది, కనుబొమలు అచ్చం నాయనమ్మవే. నా ఒంటి రంగును ఇష్టంగా చూసుకోవడం ఆ రోజే మొదలైంది. మీ అమ్మగారి ఫోటో ఎవరు తీసినా రంగు ముట్టుకోవద్దని ముందే, గట్టిగా చెప్పండి.

తెనాలి_మాస్టారు
మంగళగిరి అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. అసలు నలుపును సరిగ్గా తీయడం మీద ఫోటో పరిశ్రమే చాలాకాలం శ్రద్ధ పెట్టలేదు. ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి కోడక్ పంపే కార్డు మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది, షర్లీ కార్డు అనేవాళ్లు. వేర్వేరు ఒంటి రంగుల మనుషులున్న కార్డు 1990ల్లో గానీ రాలేదు. ఇప్పటికీ మీటరింగ్‌ను, అంటే కెమెరా తనంతట తాను వెలుతురు కొలుచుకోవడాన్ని, దాని మానాన వదిలేస్తే ఇబ్బందే. తెల్లగోడ ముందు కూర్చోబెడితే కెమెరా గోడను చూసుకుని ముఖాన్ని నల్లబరుస్తుంది. ఫోన్‌లో అయితే ముఖం మీద వేలు పెట్టి ఎక్స్‌పోజర్ సరిచేయండి. బ్యూటీ ఫిల్టర్ ఉంటే ఆపేయండి, కొన్ని ఫోన్లలో మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది.

ఇంకోటి. మీ అమ్మగారికి మగ ఫోటోగ్రాఫర్ ముందు మొహమాటంగా ఉంటే మహిళను పిలవండి. ఇదేం కొత్త కోరిక కాదు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు.

బ్రాడీపేట_అమ్మాయి
అందరికీ చాలా థాంక్స్. మంగళగిరి అక్క రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు గానీ, కాసేపాగి "ఏ చీర కట్టుకోమంటావ్" అంది! లెన్స్ గారూ, కళ్లద్దాలు తీసేయమనాలా? పళ్ల సందు గురించి ఏం చెప్పాలి?

గవర్నర్‌పేట_లెన్స్
కళ్లద్దాలు తీయించవద్దు మేడమ్. రోజూ పెట్టుకునేవాళ్లు తీసేస్తే ముఖం బోసిగా ఉంటుంది, ముక్కు పక్కన నొక్కుల గుర్తులూ కనపడతాయి. వాటి కాడలు చెవుల మీద కాస్త పైకెత్తి పెడితే అద్దాలు కొద్దిగా కిందకు వంగి మెరుపు పోతుంది. పళ్ల గురించి అసలు మాట ఎత్తకండి. "నోరు మూసుకుని నవ్వండి" అన్నామంటే ఆ సందు మేమూ చూశామని చెప్పినట్టే. మూసుకుని ఉన్నప్పుడు కొన్ని, మాటల్లో పడి నవ్వినప్పుడు కొన్ని తీయండి. చాలాసార్లు వాళ్లు ఎంచుకునేది రెండోదే.

వన్‌టౌన్_ఎడిటర్
టచప్ అనగానే అందరూ మండిపడుతున్నారు. నేను రోజూ చేసే పని అదే. నా పద్ధతి చెబుతాను: వారం రోజుల్లో పోయేవి తీసేస్తాను. మొటిమ, దోమకాటు, నిద్రలేని కళ్ల ఎరుపు. ఎప్పటికీ ఉండేవి, అంటే పుట్టుమచ్చ, పాత గాటు, అడక్కుండా ముట్టుకోను. ముడతలు కొంచెం పల్చన చేయమని స్వయంగా అడిగితే చేస్తాను. ఎవరి ముఖం మీద వాళ్లకే హక్కు. కూతురో కోడలో అడిగితే మాత్రం చేయను.

అరండల్‌పేట_అక్క
ఆ చివరి మాటకు దండం పెట్టాలి.

పేరు_వద్దు
ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నాకు బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చింది. కీమోతో జుట్టు, కనుబొమలు అన్నీ పోయాయి. అద్దం చూసుకోవడం మానేశాను. మా చెల్లి ఒక ఫోటోగ్రాఫర్‌ను తీసుకొచ్చింది. కోపంతో నేను లోపలి గదిలోకి వెళ్లిపోతే, ఆయన హాల్లో మా నాన్నతో పొలం కబుర్లు చెబుతూ కూర్చున్నారు. నేనే బయటికొచ్చాను. కనుబొమలు పెన్సిల్‌తో దిద్దాలా అని అడిగారు, వద్దన్నాను. స్కార్ఫ్ ఉంచుకుంటారో తీస్తారో మీ ఇష్టం అన్నారు. తీశాను.

ఆ ఫోటోలో గుండు మీద మధ్యాహ్నపు వెలుతురు, మెడ నిటారుగా ఉంది. అన్ని నెలలుగా అందరి కళ్లలోనూ జాలి చూసి చూసి ఉన్నాను. ఆ కాగితం మీద జాలి లేదు. బాగున్నాను. నిజంగానే బాగున్నాను. ట్రీట్‌మెంట్ అయిపోయింది, జుట్టు వచ్చింది, కానీ హాల్లో నేను పెట్టుకున్నది ఆ ఫోటోనే. మీ అమ్మగారిది తప్పకుండా తీయించండి.

తెనాలి_మాస్టారు
తల్లీ, చల్లగా ఉండు.

బ్రాడీపేట అమ్మాయికి ఒక మాట. ఫోటో చూడగానే అమ్మ "నేను ఇలా ఉంటానా" అంటే కంగారు పడకండి. మనకు అలవాటైంది అద్దంలో కుడిఎడమలు తిరగబడిన ముఖం. 1977లో అమెరికాలో సైకాలజిస్టులు ఒకే ఫోటోను మామూలుగానూ, తిప్పీ ప్రింట్ చేసి చూపిస్తే, ఎక్కువమంది తమకు అద్దంలాంటిదే నచ్చిందన్నారు. వాళ్ల స్నేహితులకు మాత్రం మామూలుదే నచ్చింది. కాబట్టి రెండు రోజులు ఆవిడ దగ్గరే ఉంచండి. నాన్నగారిని కూడా ఎంచమనండి. ఆయన రోజూ చూసే ముఖం అది.

అరండల్‌పేట_అక్క
ఫోన్‌లో పెట్టి వదిలేయకమ్మా, ప్రింట్ వేయించు. 12×18 మ్యాట్ అయితే వెలుగు పడ్డా మెరవదు. మా అమ్మమ్మ పోయినప్పుడు ఇల్లంతా వెతికితే దొరికింది రేషన్ కార్డు ఫోటో ఒక్కటే. దాన్నే పెద్దది చేయించి దండ వేశాం. ఎంత నవ్వుముఖమో ఆవిడది, ఆ ఫోటోలో భయపడిన మనిషిలా ఉంటుంది. మా పిల్లలకు ఆవిడ అంటే ఆ ముఖమే.

బ్రాడీపేట_అమ్మాయి
ఇంట్లోనే తీయించాలని నిర్ణయించాం. మహిళా ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడుతున్నాను. అమ్మ మెరూన్ వెంకటగిరి చీర బీరువాలోంచి తీసి ఆరేసింది. లెన్స్ గారూ, మా హాలు కిటికీ తూర్పుకు ఉంది. ఏ టైమ్ మంచిది?

గవర్నర్‌పేట_లెన్స్
తూర్పు కిటికీ అయితే పొద్దున్నే ఎండ నేరుగా లోపలికొస్తుంది. పదకొండు దాటాక పెట్టుకోండి, ఎండ తప్పుకుని వెలుతురు మిగులుతుంది. పొద్దున్నే కావాలంటే నాన్నగారి తెల్ల పంచె పల్చటిది ఒకటి కిటికీకి అడ్డంగా కట్టండి, లైటును మెత్తబరచడానికి మేం వాడే సాఫ్ట్‌బాక్స్ చేసే పనే అదీ చేస్తుంది. అమ్మగారి తలలో పూలుంటే, వెనకంతా మసక చేసే ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ వాడకండి, మల్లెల అంచులు, జుట్టు పోగులు కత్తిరించినట్టు పోతాయి. ఇంకేమైనా అడగాలంటే ఇక్కడే అడగండి, చూస్తుంటాను.