కీళ్ళవాతం ముదిరేదాకా ఆగేది నిర్లక్ష్యం వల్లా, దారి తెలియకా?

ఖమ్మం టీచర్:
మొన్న మా స్టాఫ్‌రూమ్‌లో దీనిమీద పెద్ద వాదనే జరిగింది. తోటి టీచర్ ఒకావిడకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం, అని తేలేసరికే రెండు చేతుల వేళ్ళూ పక్కకు తిరిగిపోయాయి. "చదువుకున్న మనిషి, ఇన్నాళ్ళూ ఏం చేసినట్టు?" అన్నారు అందరూ. నా మాటా అదే. పన్ను నొప్పికి పరిగెత్తుతాం, కీళ్ళ దగ్గరికొచ్చేసరికి చలి అనో, వయసు అనో సరిపెట్టుకుంటాం. ఇది నిర్లక్ష్యం కాక ఏమిటి?

గుంటూరు కోడలు:
టీచర్ గారూ, ఆ మాట నేను ఒప్పుకోను. ఈ జబ్బు నాకుంది. మొదట్లో ఇది బయటపడే వేళ తెల్లవారుజాము. లేవగానే పిడికిలి మూసుకోదు. ముగ్గుపిండి తీసుకుంటే రెండు వేళ్ళ మధ్య పట్టు చిక్కక గీత మధ్యలోనే ముద్దగా పడిపోతుంది. గ్యాస్ రెగ్యులేటర్ తిప్పాలంటే రెండు చేతులూ కావాలి. గంట, గంటన్నర గడిచాక, వేడినీళ్ళు తగిలాక, కాస్త సడలుతుంది. ఇంట్లోవాళ్ళు లేచేసరికి నేను వంట చేస్తూ కనిపిస్తాను. పదింటికి ఓపీలో డాక్టర్ చెయ్యి పట్టుకుని చూస్తే దాదాపు మామూలే. ఎవరికి చూపించాలి, ఏం చూపించాలి?

అయినా వెళ్ళాను. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ వేస్తే తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీయించి ఏమీ లేదన్నారు. తొలి నెలల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. ఇంకొకరు చికున్‌గున్యా తాలూకు నొప్పులన్నారు. 2005-06లో ఆ జ్వరం మన జిల్లాలను ఊపేసినప్పుడు నెలల తరబడి కీళ్ళు పట్టేసినవాళ్ళను అందరం చూశాం కదా, నమ్మేశాను. వెళ్ళనిది ఎక్కడ? వెళ్ళిన ప్రతిచోటా కొంత కాలం పోయింది.

తణుకు మందుల షాపు:
అక్క చెప్పింది నిజం. చీటీ లేకుండా "నొప్పుల బిళ్ళలు నాలుగివ్వండి" అని వచ్చేవాళ్ళే ఎక్కువ. డైక్లోఫెనాక్ లాంటివి నొప్పిని అణుస్తాయి, జబ్బును ఆపవు. లోపల కీలు తినేయడం సాగుతూనే ఉంటుంది. ఊళ్ళలో కీళ్ళనొప్పులకు ఇచ్చే కొన్ని పొడుల సంగతి ఇంకా ఘోరం. రెండు రోజుల్లో వాపు మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాల్సిందే. నెలల తరబడి తింటే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదకొస్తుంది.

ఖమ్మం టీచర్:
సరే, దారి తెలిశాక కూడా మానేసేవాళ్ళ మాటేమిటి? మా కొలీగ్‌కు జబ్బును అదుపుచేసే మందు, మెథోట్రెక్సేట్, రాశారు. ఫోన్‌లో వెతికి "ఇది క్యాన్సర్ మందట" అని పక్కన పడేసింది.

రుమటాలజీ నర్సు, హైదరాబాద్:
ఆ భయం మా కీళ్ళ జబ్బుల విభాగంలో రోజూ వింటాం. క్యాన్సర్‌కు వాడే మందే, కానీ ఆ మోతాదులు వేరు. కీళ్ళకు వారానికి ఒక్కరోజే ఇస్తాం, మామూలుగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల లోపు, తోడుగా ఫోలిక్ యాసిడ్. పొరపాటున రోజూ వేసుకుంటే మాత్రం ప్రమాదం. అందుకే వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. చాలామంది మూడో వారంలోనే "పనిచేయలేదు" అని వదిలేస్తారు. లక్షణాలు మొదలైన మూడు నెలల్లోపు మందు మొదలైతే కీళ్ళు నిలబడే అవకాశం బాగా ఎక్కువ.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. పెళ్ళికాని అమ్మాయిలను తల్లులు తీసుకురారు. "కీళ్ళవాతం అని కాగితం మీద పడితే సంబంధాలు వస్తాయా?" అంటారు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఈ జబ్బు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ భయంతో దాచిన ఏడాదే వేళ్ళను వంచేస్తుంది. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు గర్భం అనుకుంటే ముందే డాక్టర్‌కు చెప్పి మందు మార్పించుకోవాలి. పిల్లలు పుట్టరన్నది మాత్రం అబద్ధం.

గుంటూరు కోడలు:
సిస్టర్, ఆ అమ్మల్ని నేను తప్పుపట్టలేను. మా ఆడపడుచుకు సంబంధాలు చూస్తున్నప్పుడు నా గురించే ఒకరు అడిగారు, "మీ ఇంట్లో ఎవరికో వాతమట కదా" అని. రక్తసంబంధం లేని నా జబ్బును ఆమె లెక్కలో వేశారు.

ఖమ్మం టీచర్:
ఇది నాకు తట్టలేదు. అయినా ఒక మాట మీద నిలబడతాను: పొద్దున్నే చెయ్యి కదలని మనిషిని ఇంట్లో మిగతావాళ్ళు గమనించకపోవడం నిర్లక్ష్యమే. ఆ మాట జబ్బు పడ్డవాళ్ళకు కాదు, మొగుళ్ళకూ కొడుకులకూ వర్తిస్తుంది.

మా వదినకు వేళ్ళ కణుపులు వాచి రెండు నెలలైంది. ఆర్‌ఎ ఫ్యాక్టర్ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చిందని మా అన్నయ్య ఊరుకున్నాడు. సిస్టర్, ఏం చేయమంటారు?

రుమటాలజీ నర్సు, హైదరాబాద్:
ఊరుకోవద్దనండి. నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు కూడా చూస్తారు. అవన్నీ బాగున్నా చెయ్యి చూసి నిర్ణయించేది డాక్టరే. రెండు చేతుల్లోనూ ఉందా, పొద్దున్న బిగుతు అరగంట దాటుతుందా అడగండి. వాపున్నప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టమనండి. పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. పాత మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్ళమనండి, పొడులేమైనా తింటుంటే ఆ పొట్లం కూడా.